నిలబడని అంకె

ఏడో తరగతిలో బడి మానేసిన నన్ను సబ్‌స్టేషన్‌లో అందరూ హెల్పర్ అంటారు. పెళ్లిచూపుల్లో మాత్రం "ట్రాన్స్‌ఫార్మర్ల డాక్టరు దగ్గర కంపౌండర్‌ని" అని చెప్పుకున్నాను. పిల్లనిచ్చారు.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆనుకొని ట్యాప్ చేంజర్ అనే పెట్టె ఉంటుంది. వోల్టేజీ తగ్గినా పెరిగినా ఒక్కో మెట్టు మార్చి సరిచేసేది అదే. పరీక్ష రోజు లైను పూర్తిగా ఆపేస్తారు. మీటరు నుంచి కొద్దిపాటి కరెంటును లోపలి రాగి చుట్టల్లోకి పంపి, ఒక్కో మెట్టు దగ్గర ఎంత అడ్డు తగులుతుందో కొలుస్తారు. మెట్టు మార్చే హ్యాండిల్ తిప్పడం నా పని, అంకె నిలబడేదాకా ఆగడం ఇంజినీరు సారు పని. మెట్టు మెట్టుకూ అంకె సమానంగా దిగుతూ రావాలి.

పోయిన యాసంగి పంటప్పుడు పరీక్ష పెట్టిన రోజు పొద్దున్నే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు. దౌల్తాబాద్ వైపు ఆయన పొలం. వరి పాలు పోసుకుంటోంది. నీళ్లు బోరువి, బోరుకు కరెంటు మా ట్రాన్స్‌ఫార్మర్‌ది.

"అల్లుడా, కరెంటు ఎప్పుడిస్తరు?"

"పగటి బువ్వ యాళ్లకు ఇస్తం మామా. నువ్వు గీడ కూసుంటే మీటరు సిగ్గుపడుతది, ఇంటికి పో."

"నీ పరాచికాలు మీ అత్తతోని ఆడు. ఇంక రెండు తడులు పారితే గింజ గట్టిపడతది."

నడిమి మెట్టు దాకా అంకె బుద్ధిగా దిగింది. అక్కడ ఒక్కసారిగా ఎగిరి కూర్చుంది. సారు మీటరును చూశాడు, నన్ను చూశాడు.

"సార్, మా ఇంటి మెట్ల లెక్కనే ఉన్నది. నడుమ ఒకటి ఊగుతది, దాటేసి పోతుంటం."

"ఊకో. మీదికీ కిందికీ తిప్పు."

మసి పట్టి ఉంటే రాపిడికి పోతుందని అలా తిప్పిస్తారు. రెక్కలు పడిపోయేలా తిప్పాను. అంకె ఒకసారి దారికొచ్చింది. మళ్లీ కొలిస్తే మళ్లీ ఎగిరింది. సారు పెట్టె విప్పమన్నాడు. నూనె తీసి చూస్తే ఆ మెట్టు దగ్గర కరెంటును అందించే కాంటాక్టు ముక్క కాలి బొగ్గయింది. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి. సబ్‌స్టేషన్‌లో ఉన్న రెండో ట్రాన్స్‌ఫార్మర్ ఇళ్లకే సరిపోతుంది కాబట్టి బోర్లకు బంద్.

ఆ మాట గేటు దాకా నేనే మోసుకుపోయాను. మామను ఓదార్చాలని కాలిన ముక్క ఫొటో ఫోన్‌లో చూపించాను.

"నయం మామా, ముందుగాలనే దొరికింది. ఇంకో పది దినాలు నడిపితే మొత్తం పేలిపోతుండె అన్నడు సారు."

మామ ఫోన్ వైపు చూడలేదు.

"పది దినాలే కద అల్లుడా నాకు కావాల్సింది."

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"ఊరంతటిని నవ్విస్తవు. ఒక్క సారును ఆపలేకపోయినవా?"

సారుది తప్పు కాదు, మీటరుది అసలే కాదు. తిట్టడానికి మామకు నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

కాంటాక్టు వచ్చేసరికి వరి తాలు పోయింది. మామ గొర్లకాపరిని పిలిచి మందను పొలంలోకి తోలించాడు. లైను ఇచ్చిన రోజు వెళ్లాను. బోరుకు ఆటో స్టార్టర్ పెట్టే ఉంది. కరెంటు రాగానే మోటరు తనంతట తానే లేచింది. వోల్టేజీ నిండుగా ఉందేమో, పైపు నిండా నీళ్లు దుంకాయి. గొర్రెలు బెదిరి గట్టెక్కాయి. మామ అక్కడే కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"మోటరు బంద్ చెయ్యాల్నా మామా?"

"పారనియ్యి," అన్నాడు, నా మొహం చూడకుండా. "గొర్లన్న తాగుతయి."