మా సారు వాడిన పాత మెషీన్

మా సారు పోయారన్న సంగతి కాలేజీ వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాళ్లలో సగం మంది ఆయన బతికుండగా ఆయన ఫోనైనా ఎత్తేవాళ్లు కాదు.

పోర్ట్‌బ్లెయిర్‌లో నాకు నెట్‌వర్కింగ్ పాఠం చెప్పింది ఆయనే. తర్వాత అదే ల్యాబుకు నేను ఇన్‌చార్జినయ్యాను. అప్పట్లో మా దీవులకు శాటిలైటే దిక్కు. నెట్ నత్తనడక నడిస్తే అందరం శాటిలైట్‌నే తిట్టేవాళ్లం. సారు మాత్రం ఒప్పుకునేవారు కాదు. "పంపే కంప్యూటరు కొంచెం పంపి, అందిందని జవాబు వచ్చేదాకా కూర్చుంటాది. మన జవాబు ఆకాశానికెళ్లి రావాలి కదా! మధ్యలో వానకి ఓ ముక్క పోతే, దారి కిక్కిరిసిపోయిందనుకుని జోరు తగ్గించేస్తాది. దూరం మన తప్పు కాదమ్మా, ఊరికే కాచుకోవడం తప్పు" అనేవారు.

ఆ పద్ధతి మార్చాలన్నదే ఆయన పరిశోధన. ల్యాబు మూలన ఒక పాత మెషీన్, ఏ ముక్క ఎంతసేపటికి అందిందో, ఏది పోయిందో, ఏళ్ల తరబడి రాత్రీపగలూ లెక్కలు రాసుకునేది. వాన పడితే ఆయనకు పండగే. తడిసిన చొక్కాతోనే పరుగెత్తుకొచ్చి తెర ముందు కూర్చునేవారు. ఎవరైనా సినిమా డౌన్‌లోడ్ పెడితే "అరే, బంద్ కరో!" అని కేక వేసేవారు.

సముద్రం కింద కేబుల్ వచ్చింది. "ఇంకా ఈ గోలెందుకు సార్?" అన్నాం.

"కేబుల్ ఎళ్లని దీవుల్లో మనుషుల్లేరేటి?" అన్నారు. రిటైరయ్యాక కూడా ఓడెక్కి అలాంటి దూరపు దీవులకు వెళ్లి లెక్కలు తీసుకునేవారు.

అలా వెళ్లినప్పుడే ఆ పని జరిగింది. ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నారని ప్రిన్సిపాల్ ల్యాబు ఖాళీ చేయించారు. పాత సామాను పనికిరాదని కండెమ్ చేసి అమ్మేసే లిస్టు నా ముందుకొచ్చింది. చదవకుండా సంతకం పెట్టేశాను. సారు మెషీన్ పోయింది. లెక్కల నకలున్న డిస్కు ఆ బల్ల సొరుగులోనే ఉండేది. బల్లా పోయింది.

సారు జెట్టీ నుంచి సంచితో తిన్నగా ల్యాబుకొచ్చారు.

"మెషీన్ కిధర్ హై?"

"కండెమ్ అయిపోయింది సార్."

"సంతకం ఎవలిది?"

"నాదే సార్."

కాసేపు ఆ మూల కూర్చున్నారు. "పోన్లే అమ్మా, నీకూ బోలెడు పని" అని టీ తెప్పించమన్నారు. ఊళ్లో పాత సామాను కొట్లన్నీ తిరిగాం. సరుకంతా అప్పటికే చెన్నై ఓడెక్కేసింది.  సారు నన్ను క్షమించేశారని నేను హాయిగా నమ్మేశాను. ఎంత సిగ్గులేని నమ్మకం!

సంతాప సభలో ప్రిన్సిపాల్ "వారి కృషి చిరస్మరణీయం" అంటుంటే నాకు ఒళ్లు మండింది. కానీ ఏ మొహం పెట్టుకుని లేచి అడగను? లిస్టు కింద సంతకం ఆయనది కాదు.

మర్నాడు బ్రూక్షాబాద్‌లోని సారు ఇంటికి వెళ్లాను. ఆయన భార్య, మా ఆంటీ, నన్ను ఆయన గదిలోకి తీసుకెళ్లారు. కిటికీ పక్కన చిన్న మెషీన్ ఒకటి నడుస్తోంది. అప్పుడు తెలిసింది, ఆ వయసులో సారు అన్నీ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారని. దూరపు దీవుల లెక్కలు పది నెలలవి మాత్రమే ఉన్నాయి.

ఏడుపొచ్చింది. "ఇది నేను చూసుకుంటానాంటీ" అంటూ కీబోర్డు మీద చెయ్యి వేయబోయాను.

ఆంటీ నా మణికట్టు పట్టుకున్నారు. మెత్తగానే పట్టుకున్నారు.

"ఏటీ అనుకోకమ్మా. దీన్ని ఎవలికైనా ఇవ్వొచ్చన్నారు. నిన్ను మాత్రం ముట్టుకోనివ్వొద్దని మరీ మరీ సెప్పేరు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తెర మీద ఒక్కో వరసా పైకి జరుగుతోంది. గుమ్మం దాకా వెనక్కి నడిచి, చేతులు కట్టుకుని, అక్కడినుంచే చూస్తూ నిలబడ్డాను.