ఫోన్ అడిగిన మూడు మాటలు

పెద్దవాళ్ల జ్ఞాపకశక్తిని పరీక్షించే యాప్ తయారుచేస్తున్న రోజుల్లో, మొదటిసారి దాన్ని పట్టుకుని కొత్తవాడలో ఒక నేత కార్మికుడి ఇంటికి వెళ్లాను. మా నాన్నకు పాత స్నేహితుడు. జంపఖానాలు నేస్తూనే డెబ్బై దాటినవాడు. నేను పెద్దబాపూ అని పిలుస్తాను.

తెర మీద బొమ్మ కనబడగానే తాకాలి. ఆయన తాకుతున్నాడు, తెర కదలడం లేదు. నూలు రాపిడికి వేళ్ల కొసలు ఎండి మొద్దుబారాయి, ఆ స్పర్శ తెరకు అందడం లేదు. ఆయన ఆలోచనే నెమ్మదించిందనుకుంది యాప్. చివర్లో ఎర్రరంగు చూపించింది.

"అంటే నాకు మతి పోయిందా బిడ్డా?" నవ్వుతూనే అడిగాడు గానీ, చెయ్యి లుంగీకి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"లేదు పెద్దబాపూ, తప్పు నాదే" అన్నాను. చాలా సిగ్గేసింది. అప్పటిదాకా ఆ యాప్‌ను మా ఆఫీసువాళ్ల మెత్తటి వేళ్లే తాకాయి.

నెల తరువాత, నోటితో జవాబు చెప్పేలా మార్చి మళ్లీ వెళ్లాను. ఫోన్ మూడు మాటలు చెప్పింది: చింతపండు, గొడుగు, బండి. కాసేపాగి అడిగితే ఆయన మూడూ చెప్పాడు. పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్న ఆయన భార్యకు, మా పెద్దమ్మకు, సరదా పుట్టింది.

"నన్ను గూడ అడుగు జర."

ఆమెకు వేరే మూడు మాటలు వినిపించాను. కాసేపాగి అడిగితే నా వైపు వింతగా చూసింది. "ఏం మాటలు? నాకేం చెప్పలే గదా."

పెద్దబాపు తల దించుకున్నాడు. నన్ను సాగనంపడానికి వాకిలి దాకా వచ్చి మెల్లగా అన్నాడు: "నాకెర్కే బిడ్డా. కూరల ఉప్పు రెండుసార్లేస్తాంది. నేనే ఎవ్వలకు చెప్పలే."

ఫోన్ చెప్పినంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదని నచ్చజెప్పి, దవాఖానకు నేనే తోడు వెళ్లాను. మతిమరుపు జబ్బు మొదలైందని డాక్టరమ్మ చెప్పి మందులు రాసింది.

మా యాప్ మందుల వేళ గుర్తుచేస్తుంది. అయితే ఆ యంత్రం గొంతు వినగానే పెద్దమ్మ "ఎవలామె?" అంటూ బయటికి వెళ్లి చూసేది. అందుకని పెద్దబాపు గొంతే రికార్డు చేశాను: "ఇగో, అన్నం తిన్నవా? గోలి ఏసుకో."

"ఏసుకుంట తీ, ఊకె లొల్లి చెయ్యకు" అంది పెద్దమ్మ ఫోన్‌తో. పక్కనే నిలబడిన పెద్దబాపు నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని నవ్వాడు.

జబ్బు ఆగలేదు. ఈ మధ్య ఒక్కోరోజు ఆయన్నే ఎవరని అడుగుతోందట. ఫోన్‌లో ఆయన గొంతుకు మాత్రం ఇంకా జవాబిస్తూనే ఉంది.