మూత మీద కొంగ

ఇప్పుడు ఎక్కడ చూసినా పిల్లలకు క్లాసులు పెట్టి, పారేసే డబ్బాల మీద పక్షుల్నీ జంతువుల్నీ వేయించి, చప్పట్లు కొట్టి మెచ్చుకుంటున్నారు. ఎనభైల మొదట్లో అమెరికాలోని పార్సిప్పనీలో నేను అదే పని చేస్తే మావాళ్ళు నవ్వారు. "పాపం, బ్రదర్‌కి కాగితాలు దొరకట్లేదు" అన్నాడు ఒకాయన, నా ఎదుటే. ఆ మాట నాకింకా అరగలేదు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మా ఆవిడ నర్సు. ఆమె ఉద్యోగం మీద ఇద్దరం వచ్చాం. నేనొక గోడౌన్‌లో పెట్టెలు ఎత్తేవాణ్ణి. మా అపార్ట్‌మెంట్ల వెనక వాననీళ్ళు నిలిచే కుంట ఒకటి ఉండేది. దాని దగ్గరికి బాతులు, నక్క, మనిషెత్తు బూడిదరంగు కొంగ వచ్చేవి. లైబ్రరీలో బొమ్మల పుస్తకం ముందేసుకుని వాటి పేర్లు కూడబలుక్కుని నేర్చుకున్నాను. బొమ్మలు వెయ్యడమూ అంతే, నేర్పినవాళ్ళు ఎవరూ లేరు. పొద్దున పాలల్లో వేసుకునే సీరియల్ అట్టపెట్టెల మీద వేస్తే తడికి ఉబ్బాయి. ప్లాస్టిక్ పాల జగ్గులు కోసి వేస్తే మర్నాటికల్లా రంగు పొట్టులా లేచింది. ఆఖరికి పెద్ద ఐస్‌క్రీమ్ డబ్బాల మూతలు కుదిరాయి. ఎమిరీ పేపర్‌తో గరుకుగా రుద్ది, గోడలకు వెయ్యగా మిగిలిన తెల్లరంగు ఒక పూత పూసి, ఆరాక బొమ్మ విమానాలకు వాడే చిన్న సీసాల రంగులు వేస్తే ఇక ఊడేది కాదు. ఉత్త మూత చేతిలో జారిపోతుంది కాబట్టి డబ్బాకే బిగించి, డబ్బాను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని వేసేవాణ్ణి. ఈ పద్ధతి నేను కనిపెట్టిందే. నా కొంప ముంచింది కూడా ఇదే.

లైబ్రరీలో ఉండే తెల్లావిడ నా బొమ్మలు చూసింది. ద్వారం పక్కనున్న గాజు బీరువాలో నెలరోజులు పెడతానంది. పన్నెండు బొమ్మలకు పన్నెండు కార్డులు టైపు చేసింది. నా జీవితంలో నా పనిని ఒకరు అడిగి తీసుకోవడం అదే మొదలు. పన్నెండూ పూర్తిచేసి, ఆరడానికి వంటింటి అలమర మీద వరసగా పెట్టాను, మూతలు డబ్బాలకు ఉండగానే.

ఆ శనివారం మా ఇంట్లో తెలుగు ప్రార్థన కూటం. భోజనాలయ్యాక నేను పాస్టరు అయ్యగారిని కారులో వాళ్ళింట్లో దింపడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అలమర ఖాళీ.

"నా డబ్బాలేవి?"

"డబ్బాలా? కూర మిగిలింది, పులిహోర మిగిలింది. తలా కాస్త సర్ది పంపించాం," అంది మా ఆవిడ, గిన్నె తుడుస్తూ.

"వాటి మీద బొమ్మలున్నాయి!"

"నేను గిన్నెలు కడుగుతున్నాను. సర్దింది చర్చి సిస్టర్స్. అయినా డబ్బాల్లా పెడితే డబ్బాలే అనుకుంటారు. పటాల్లా పెట్టాల్సింది."

ఆ వచ్చే సోమవారం కాక, పై సోమవారం ఉదయానికల్లా బొమ్మలు లైబ్రరీలో ఉండాలి. ఆదివారం నుంచే ఫోన్లు మొదలుపెట్టాను.

"నక్కా? మా ఫ్రీజర్‌లో ఉంది బ్రదర్. లోపల మీ చికెన్. తినేసి ఇచ్చేస్తాం."

"మీరు వేసిందా అన్నయ్యా? కంపెనీవాళ్ళ బొమ్మ అనుకున్నాను. ఐస్‌క్రీమ్ డబ్బా మీద గుడ్లగూబేంటా అని మేమిద్దరం నవ్వుకున్నాం కూడా."

ఉడుత తీసుకెళ్ళినావిడ ఇంకా ఘనురాలు. జిడ్డు వదల్లేదని స్టీల్ పీచు పెట్టి తోమింది. "బాగానే ఉందండీ, తోక కొంచెం పోయింది, అంతే."

పోనీ నేనే వచ్చి తీసుకెళ్తానంటే, అక్కడింకో తంటా. మనవాళ్ళు డబ్బా ఖాళీగా తిరిగివ్వరు. "ఒట్టి డబ్బా చేతిలో పెడతామా? రేపు రండి, ఏదన్నా చేస్తాను." డబ్బా అక్కర్లేదు, మూత చాలు అన్నాను. మూత ఒక్కటే ఇస్తే ఇంకా బాగుండదట! వారమంతా డ్యూటీ దిగగానే కారేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. నక్క కోసం జంతికలు, బాతు కోసం రవ్వలడ్లు, గుడ్లగూబ కోసం గోంగూర పచ్చడి, ప్రతి ఇంట్లో కూర్చుని టీ. ఒక్కరంటే ఒక్కరు "ఈ కన్ను ఎలా వేశావయ్యా?" అని అడగలేదు. ఉడుతకు తోక మళ్ళీ వేశాను. శుక్రవారానికి పదకొండు చేరాయి.

రానిది కొంగ. అన్నిట్లో మంచిది అదే. నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు ఎత్తి పట్టుకున్న కొంగ. దాని ఈకలకే మూడు వారాలు పట్టింది. అది తీసుకెళ్ళిన చెల్లెమ్మకు నాలుగుసార్లు ఫోన్ చేశాను.

"అయ్యో అన్నయ్యా, ఖాళీగా ఎలా ఇస్తాను? గవ్వలు చేద్దామనుకుంటున్నాను. ఆదివారం చర్చికి తెస్తాగా."

ఫోన్ వెనక నుంచి వాళ్ళ అత్తగారి గొంతు. ఆవిడ కృష్ణా జిల్లా నుంచి కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండటానికి వచ్చిన పెద్దావిడ. "ఎవరే? కొంగాయనేనా?"

ఆదివారం చర్చి మెట్ల దగ్గర చెల్లెమ్మ డబ్బా చేతికిచ్చింది. నిండా గవ్వలు. పైన మూత వేరేది, తెల్లగా, నున్నగా, నలుసు రంగు లేకుండా.

"నా మూతేదమ్మా?"

ఆమె చెప్పులకేసి చూసింది. "అత్తయ్యగారు నిన్న ఇండియా వెళ్ళిపోయారన్నయ్యా. కొంగని కిటికీలో పెట్టుకుని రోజూ చూసేవారు. మా చేలో కొంగే ఇది అనేవారు. వెళ్ళేటప్పుడు చీరల మధ్య పెట్టుకున్నారు."

"నన్ను అడగొద్దా?"

"నేనూ అన్నాను. అడిగితే ఇవ్వడు, ఊరుకోవే అన్నారు."

నిజమే, ఇచ్చేవాణ్ణి కాదు. చర్చి మెట్ల మీద అరవకూడదు కాబట్టి గవ్వలు పట్టుకుని నిలబడ్డాను.

సోమవారం లైబ్రరీ ఆవిడ గాజు బీరువాలో పదకొండు మూతలు పెట్టింది. పన్నెండో కార్డు తీసేయమంటారా అని అడిగింది. ఉంచమన్నాను. నెలంతా ఆ కార్డు ఒక్కటే ఖాళీ చోటు ముందు నిలబడింది. మావాళ్ళు వచ్చి చూశారు. "ఓహో, ఇవి మన డబ్బాలే!" అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క లేదు.

ఎండాకాలంలో ఎయిర్ లెటర్ వచ్చింది. పెద్దావిడ స్వదస్తూరి, గుండ్రటి అక్షరాలు. క్షమించమని ఏమన్నా రాసిందేమోనని నిలబడే చదివాను.

"నాయనా, వందనాలు. నీ కొంగ క్షేమంగా చేరింది. మా చేలో కొంగల పక్కన పెట్టి చూశాను. ఎత్తిన కాలికి ముందు మూడు వేళ్ళూ వేశావు, వెనక వేలు వెయ్యలేదు. మా కొంగలకు ఉంది. అమెరికాలో వాటికి ఉండదా?"

మండిపోయింది. ఉత్తరం జేబులో కుక్కి తిన్నగా లైబ్రరీకి వెళ్ళి, ఆ బొమ్మల పుస్తకం తీసి, కొంగ ఉన్న పేజీ తెరిచాను.

ఉంది.

ఆ ఉత్తరానికి నేను జవాబు రాయలేదు.