ముందు రిహార్సల్, తర్వాతే జర్మనీ

"ఏమప్పా, ఈ పెండ్లన్నా నిజమా, లేకుంటే ఇది గూడా రిహార్సలేనా?"

పీటల మీద కూర్చున్న గుణశేఖర్‌ను ఈ మాట అడిగింది పిల్లనిచ్చిన మామ పాపయ్య. ఆయనకు జమ్మలమడుగులో చిల్లర అంగడి. బెల్లాన్నీ మాటనూ ఒకే తక్కెడలో తూచే మనిషి. అంతటివాడు పందిట్లో అందరూ వింటుండగా నోరు జారాడంటే కారణముంది. ముందురోజు సాయంత్రం అదే పందిట్లో, అవే పీటల మీద, అదే అల్లుడు ఒక కొబ్బరికాయకు తాళి కడుతూ ఆయన కంటబడ్డాడు.

"ఇది నిజమే మామా. నిన్నటిదానికంటే బాగా వస్తాండాది," అన్నాడు గుణశేఖర్ వినయంగా.

అతనికున్న గుణం ఇదొక్కటే. రిహార్సల్ వేయనిదే ఏ పనీ చేయడు. ఆ కొబ్బరికాయ ఎవరి ఒళ్లో ఉందని మీరు అడగబోతున్నారు. నా ఒళ్లో. ప్రొద్దుటూరులో వాళ్ల బట్టల అంగడికి ఎదురిల్లు మాది కావడం వల్ల, నన్ను కూడా మామా అనే పిలిచే చనువు వల్ల, పెళ్లికూతురి వేషం నాకు దక్కింది. పూజారి మాత్రం మంత్రాలు చదవనని మొండికేశాడు. "మంత్రం పడినాక రిహార్సలని చెప్తే దేవుడు వినడు నాయనా. తర్వాత ఈయప్పను నువ్వే ఏలుకోవల్ల," అన్నాడు. ఆ పూజారి ముందుచూపు వల్లే ఈరోజు నేను నా ఇంట్లో కాపురం చేసుకుంటున్నాను.

ఆదినారాయణ సంగతి ఇంకా ఘోరం. లింగాల దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉన్న ఆదినారాయణ మా ఇద్దరికీ స్నేహితుడు. ఆయనకు హెర్నియా. ఆపరేషన్ మాటెత్తితే తోటలోకి పరుగెత్తి ఏ చెట్టు వెనకో నిలబడేవాడు. గుణశేఖర్ వెళ్లి, "ఆపరేషన్ వద్దులేప్పా. ఊరికే రిహార్సల్‌కు రా. మంచం మీద రొంతసేపు పండుకుని లేచి వద్దాం," అన్నాడు. పులివెందులలో ఒక ఆసుపత్రికి రెండుసార్లు పోయారు, పండుకున్నారు, కారందోశ తిని వచ్చారు. మూడో రిహార్సల్లో ఆదినారాయణ కళ్లు తెరిచేసరికి పొట్ట మీద కుట్లున్నాయి.

"రిహార్సల్‌కు కుట్లేందిరా?"

"శానా బాగా చేసినావప్పా. ఇంగ అసలుది అక్కర్లేదన్నాడు డాక్టరు."

ఆదినారాయణ ఇప్పటికీ ప్రతి కాపుకూ ఒక బస్తా చీనీకాయలు పంపుతాడు. కాయలు బస్తాలో వస్తాయి, తిట్లు ఫోన్లో వస్తాయి.

ఇట్లాంటి మనిషికి జర్మనీ ప్రయాణం తగిలింది.

ఉద్యోగం అతనిది కాదు, భార్య భావనది. ఆమె ప్రొద్దుటూరులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, ఇద్దరు పిల్లలకు అన్నం పెట్టి, ఆ తర్వాత జర్మన్ చదివి, బెంగళూరుకు పోయి పరీక్ష రాసి పాసైంది. జర్మనీలో ఒక చిన్న ఊరి ఆసుపత్రి ఆమెను వీడియోలో ఇంటర్వ్యూ చేసింది. తెర మీద ఇద్దరు తెల్లవాళ్లు కనపడగానే ఆమె నోరు మూతపడింది. పేరడిగితే పేరు కూడా రాలేదు. వాళ్లు మంచివాళ్లు కాబట్టి మే నెలాఖరులో వేరేవాళ్ల ముందు ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు. అదీ పోతే ఉద్యోగం పోయినట్టే.

"నాకొద్దు," అంది భావన. "ఎంత మొండి రోగికి సూదేసినా వణకని చేయి, ఆ తెర ముందర వణుకుతాంది. వాళ్ల మెయిల్ గూడా నేను తెరవను. నువ్వే చూసుకో, నాకు చూపించాకు."

గుణశేఖర్ తీర్పు చెప్పాడు. "ముందు ఈడనే జర్మనీకి పోదాం. బాగుంటే ఆడికి పోదాం."

మర్నాటి నుంచి మా వీధిలో జర్మనీ మొదలైంది.

మొదట వంటిల్లు. అక్కడికి పోయినాక భావన డ్యూటీకి పోతే ఇల్లూ పిల్లలూ అతనివే. కాబట్టి ఇప్పటినుంచే చీపురు పట్టాడు. వాళ్లమ్మ వెంకటరమణమ్మ గుండె మీద చేయి వేసుకుంది.

"మన ఇంట్లో మొగోడు చీపురు ముట్టింది లేదు కదరా."

"నేను మాత్రం ముట్టినానా మా? ఇది రిహార్సల్."

ఆమె ఆలోచించింది. నిజంగా ఊడిస్తే పరువు పోతుంది. రిహార్సల్‌కు ఊడిస్తే ఏం పోతుంది? వారం తిరిగేసరికి ఆమే ఇరుగుపొరుగును పిలిచి చూపిస్తోంది. "మా గుణ జర్మనీ చారు కాంచినాడు, రొంత తాగి చూడండి." అది మామూలు చింతపండు చారే, ఉప్పు మరిచిపోయాడు. సంసారంలో సమానత్వం గురించి నేను మా కాలేజీలో ఏళ్ల తరబడి ఉపన్యాసాలు దంచాను. మా వీధిలో ఒక్క మగవాడూ చీపురు ముట్టలేదు. ఇతను ఒక్క అబద్ధంతో సాధించాడు. అతను గిన్నెలు తోముతుంటే భావన మేడ మీద చదువుకునేది.

తర్వాత ఆదివారం. అక్కడ ఆదివారం చప్పుడు చేయకూడదని ఎక్కడో చదివాడు. పొద్దున్నే ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, అమ్మే బండివాడు మైకు పెట్టుకుని వీధిలోకి రాగానే లుంగీ ఎగ్గట్టి ఎదురుపోయాడు.

"గమ్మునుండప్పా. జర్మనీలో ఆదివారం అరవకూడదు."

"ఇది జర్మనీ ఎప్పుడైంది సామీ?"

"పొద్దున ఆరు నుంచి."

"జర్మనీలో ఎర్రగడ్డలు తినరా?"

"తింటారు. సప్పుడు లేకుండా కొంటారు."

బండివాడు మైకు ఆపి, చెవి దగ్గరకొచ్చి గుసగుసగా ధర చెప్పాడు. ఆ ధర వినగానే గట్టిగా అరిచింది మా గుణశేఖరే.

చలి రిహార్సల్ మే నెల నడిమధ్యలో జరిగింది. ప్రొద్దుటూరులో మే అంటే తారురోడ్డు చెప్పుకు అంటుకుని ఇంటిదాకా వస్తుంది. ఆ ఎండలో నలుగురూ స్వెట్టర్లు, మంకీ క్యాపులు తొడుక్కుని వీధి వెంబడి నడిచిపోతుంటే కుక్కలు కూడా మొరగడం మానేసి చూశాయి. పోయింది అలీ అహ్మద్ ఐస్ ఫ్యాక్టరీకి.

"గడ్డకు రేటుంది గానీ మనిషిని లోపల పెట్టేదానికి నా దగ్గర రేటు లేదు భాయ్," అన్నాడు అలీ అహ్మద్.

"నలుగురినీ నాలుగు గడ్డలనుకో."

"గడ్డలు నిలబడతాయి. ఈ చిన్నోడు నిలబడేటట్టు లేడే."

చిన్నోడంటే మూడేళ్ల శివ. వాడు లోపలికి పోగానే గోడను నాకాడు. ఆరేళ్ల ఐశ్వర్య మాత్రం బయటికి రానని ఏడ్చింది. "నాయనా, మనం ఈ జర్మనీలోనే ఉందాం. ఆ జర్మనీ వద్దు," అంది. అలీ అహ్మద్ లెక్కగట్టి ఐదువందలన్నాడు. గుణశేఖర్ స్వెట్టరుకు జేబు లేదు. తోడు పోయిన నేనిచ్చాను.

విమానాశ్రయం వాళ్ల హాల్లోనే వెలిసింది. నాకు ఎయిర్ హోస్టెస్ వేషం, ఎం.ఏ. చదివింది దీనికేనా అని మా ఆవిడ అడిగింది. తనిఖీలో బెల్టు విప్పాలని తెలిసి, పుట్టి బుద్ధెరిగాక బెల్టు పెట్టని గుణశేఖర్, విప్పడానికని ఒక బెల్టు కొన్నాడు. ఇమిగ్రేషన్ ఆఫీసరు మా వీధి అమ్జద్. కువైట్‌లో పన్నెండేళ్లు డ్రైవరుగా చేసి వచ్చిన అమ్జద్ తనను జీవితంలో ఎవరెవరు ఎట్లా నిలబెట్టారో అంతా గుర్తుపెట్టుకుని, ఇప్పుడు వడ్డీతో సహా తీర్చుకున్నాడు.

"ఎందుకు పోతాండావు?"

"నా భార్యకు ఉద్యోగం సార్."

"ఆడ నువ్వేం చేస్తావు?"

"వంట సార్."

"మొగోడివి వంట చేసేదానికి విమానమెక్కి పోతాండావా? నేను నమ్మను. వెనక్కి పో."

భావననూ పిల్లలనూ దేశంలోకి రానిచ్చి, గుణశేఖర్‌ను మాత్రం ప్రతిసారీ వెనక్కి పంపేవాడు. రోజూ సాయంత్రం అతను వరండాలో దేశం లేనివాడిలా నిలబడేవాడు. భావన లోపల నుంచి పగలబడి నవ్వేది. ఆమె అట్లా నవ్వి శానా రోజులైందని వెంకటరమణమ్మ అంది.

ఇక మిగిలింది ఇంటర్వ్యూ. బెంగళూరులో భావనకు జర్మన్ నేర్పిన టీచరమ్మను బతిమాలి, రోజుకొకరు చొప్పున ఆమె పాత శిష్యులను తెర మీదికి రప్పించాడు. మొదటిరోజు భావన పేరు చెప్పింది. రెండోరోజు ఊరు చెప్పింది. తర్వాత మాట దొర్లడం మొదలైంది. అసలు ఇంటర్వ్యూ శుక్రవారమని గుణశేఖర్ చెప్పాడు.

మంగళవారం టీచరమ్మకు తెలిసిన తెల్లవాళ్లు వస్తారు, అది కూడా రిహార్సలే అన్నాడు. నా పని శివను ఎత్తుకుని వరండాలో నిలబడటం. తలుపు బయట గుణశేఖర్ చొక్కా లోపలికి దోపి, ఆ కొత్త బెల్టు పెట్టుకుని, గోడకు అతుక్కుని ఉన్నాడు. లోపల భావన గొంతు ధారగా వినపడుతోంది. ఇంతలో శివ నా చంకలోంచి జారి, పళ్లెం మీద గరిటెతో దరువేస్తూ లోపలికి దూరాడు.

"పోనీలే, రిహార్సలే కదా," అన్నాను.

గుణశేఖర్ నా చేయి పట్టుకున్నాడు. ఐస్ ఫ్యాక్టరీలో కూడా ఆ చేయి అంత చల్లగా లేదు. "మామా, అది నిజమైంది," అన్నాడు.

ఆదినారాయణ కుట్లు నాకు అప్పుడు గుర్తొచ్చాయి.

లోపల దరువు ఆగింది. భావన ఏదో అంది, తెరలోంచి నవ్వులు వినపడ్డాయి. మళ్లీ ఆమె మాట సాగింది. చాలాసేపటికి బయటికొచ్చింది, చంకలో శివ, వాడి చేతిలో గరిటె. మా ఇద్దరినీ ఒకసారి చూసి, "అన్నం పెట్టల్ల వీనికి," అని వంటింట్లోకి పోయింది.

ఉద్యోగం ఇచ్చామని రెండురోజులకు మెయిల్ వచ్చింది. గుణశేఖర్ సాక్ష్యానికి నన్ను వెంటబెట్టుకుని భావన ముందు నిలబడ్డాడు.

"నేనొక తప్పు చేసినా. మొన్న మంగళవారం..."

"అది నిజమైందని నాకు తెలుసు," అంది భావన, దోశ తిరగేస్తూ.

"ఎట్ల తెలుసు?"

"రోజూ రిహార్సల్‌కు లుంగీ మీద నిలబడేవోడివి. ఆపొద్దు చొక్కా దోపుకుని బెల్టు పెట్టుకుని తలుపు బయట నిలబడితివి. నువ్వు ఆ తెరలో కనపడేదే లేదు. ఆ బెల్టు ఎవరికోసమప్పా?"

గుణశేఖర్ కిందికి చూసుకున్నాడు. బెల్టు ఇంకా ఉంది.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు ఆడనే పడిపోతావు. నాకు తెలీదని నువ్వు ధైర్యంగా ఉండావు. నిన్ను పడిపోకుండా కాపాడే పనిలో నా భయం సంగతి మర్చిపోయినా. మనిషి ప్రాణమ్మీదికొస్తే నాకు చేయి వణకదు."

"మరి శివ లోపలికొచ్చినప్పుడు ఏమన్నావు వాళ్లతో?"

"వీడు నా కొడుకు, ఆకలేస్తాంది. వీళ్ల నాయన బయట పడిపోయేటట్టుండాడు, ఆయనను తర్వాత చూస్తానని చెప్పినా. ఒకేసారి ఇద్దరు రోగులను చూసేటట్టుండావే అని నవ్వినారు."

ఆగస్టులో నలుగురూ వెళ్లిపోయారు. దిగిన రోజే గుణశేఖర్ ఫోన్ చేశాడు. గొంతులో బాధ.

"మామా, ఇమిగ్రేషన్లో నన్ను ఒక్క ప్రశ్న గూడా అడగలేదు. ముద్ర కొట్టి పొమ్మన్నాడు. నేను ఆడనే నిలబడినా, అడుగుతాడేమోనని. వెనకాలోళ్లు తోసినారు."

ఈ సంగతి చెబితే అమ్జద్ తల అడ్డంగా ఊపాడు. "ఆ ఆఫీసరుకు పని రాదు," అన్నాడు.

ఊరు వదిలే రోజు గుణశేఖర్ మా ఇంటికొచ్చి, ఐస్ ఫ్యాక్టరీ బాపతు ఐదువందలు నా చేతిలో లెక్కబెట్టి పెట్టాడు. నేను జేబులో పెట్టుకోబోతుంటే మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "బాగా వచ్చింది మామా. అసలుది తర్వాత," అన్నాడు. ఆ ఐదువందలు నాకింకా రావాలి.