నాయన చేతి బిళ్ల

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఎండాకాలం. మార్కాపురంలో ఒక పిల్లల ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. కంభం వైపు పల్లె నుంచి గురవమ్మ తన ఎనిమిదేళ్ల కూతురు శ్రీలతను రక్తపరీక్షకు తీసుకొచ్చేది. పాపకు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. పెద్దాసుపత్రి వైద్యంతో అదుపులోకి వచ్చి మెయింటెనెన్స్‌లో ఉంది. జబ్బు తిరగబెట్టకుండా ఇంటి దగ్గరే మందులు వాడే దశ అది.

ఆ రోజు పాప బెంచీ మీద వాలిపోయింది, పిలిచినా కళ్లు తెరవలేదు.

"ఇంక మందులు ఆపేస్తాం సిస్టరమ్మా," అంది గురవమ్మ. "ఆ బిళ్లలు మొదలైనాయంటే రాత్రంతా నిద్రపోదు, పగలంతా వడలిపోయి పడుంటాది. మా అత్త గాలి సోకిందంటాంది."

మధ్యలో ఆపితే జబ్బు మళ్లీ విరుచుకుపడుతుంది. కానీ భయపెడితే పాపకు నిద్ర వస్తుందా? "ఏ బిళ్లలు? ఏ పూట వేస్తాండారు?" అని అడిగాను.

నెలలో కొద్దిరోజులే వాడే స్టెరాయిడ్ అది. నిద్రను చెడగొట్టే గుణముంది కాబట్టి పొద్దున తిన్నాక వేయమని డాక్టరుగారు చెప్పే ఉన్నారు.

"నేనిస్తే ఊసేస్తాది," అంది గురవమ్మ. "వాళ్ల నాయన చేత్తో పెడితేనే మింగుతాది. ఆయన తెల్లారకముందే గొర్రెల్ని తోలుకపోతాడు. పొద్దుగూకి వచ్చినాక, రాత్రి మందులతో కలిపి అదీ వేస్తాడు."

డాక్టరుగారితో మాట్లాడి, నాయన చెన్నయ్యకు ఫోన్ చేసి, ఆ బిళ్ల పొద్దున తిన్నాక పెట్టమన్నాను. గొర్రెల అరుపుల్లో సగం మాటలు వినపడలేదు.

"పొద్దున మందను ఇడిసిపెట్టి యాడుంటానమ్మా?"

"పాప తిని బిళ్ల మింగేదాకా మంద దొడ్లో అరిస్తే కొంపేం మునగదులే అన్నా!"

ఆయన గొంతు తగ్గించి, "నా చేత్తోనేనా దానికి నిద్ర లేకుండా చేసినాను?" అన్నాడు.

"నీ చేతిలో తప్పేం లేదన్నా. పూట మార్చు, చాలు. పొద్దున దొడ్డి తడిక పాపతో తీయించు. కొంచెం తిరిగితే నీరసం తగ్గుతుందని డాక్టరుగారే అన్నారు."

మరుసటి నెల శ్రీలత బెంచీ మీద కూర్చునే ఉంది. "రేపు గూడా నేనే తడిక తీయాల, తొందరగా సూది ఎయ్యి!" అని నన్నే గదమాయించింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. రాత్రిళ్లు నిద్రపోతోందట. అలసట పూర్తిగా పోలేదు, ఆ మందులతో పోదు కూడా. కానీ గురవమ్మ ఆపేస్తామన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఎవరొచ్చినా, మందు వేస్తున్నారా అని మాత్రమే అడిగి ఊరుకోను. ఎవరి చేత్తో, ఏ పూట అని కూడా అడుగుతాను. నాయన ఇల్లు చేరే వేళే మందు వేళైన ఇళ్లు మా వైపు చాలానే ఉన్నాయి.