మాణిక్యం మెడలో మువ్వల పట్టీ

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఉలవచారు కాగుతోందంటే, పెరట్లో గుర్రాలకు గుగ్గిళ్లు ఉడికాయని అర్థం... ముందు వాటికి. ఆ ఉడికిన నీళ్లతోనే మాకు చారు. అమ్మ గంగాళంలో కట్టె పెట్టి కలుపుతుంటే ఆ వాసనకు గుర్రాలన్నీ మెడలు చాచి నిలబడేవి. కంచాలు పట్టుకుని మేమూ అట్లాగే నిలబడేవాళ్లం!

తిరుపతి స్టేషను దగ్గర నాయనకు ఉలవలు, తవుడు అమ్మే అంగడి ఉండేది. కొనేవాళ్లంతా జట్కావాళ్లే. రైలు దిగిన యాత్రికులను సత్రాలకు చేర్చేది ఆ బండ్లే... తర్వాత ఆటోలు వచ్చాయి, బస్సులు పెరిగాయి. ఒక్కో జట్కా మూలన పడింది. బండినైతే పొయ్యిలో పెట్టుకోవచ్చు, గుర్రాన్ని ఏం చేస్తారు? మేపలేక వీధిలోకి వదిలేసేవాళ్లు. అవి అలవాటు కొద్దీ మా అంగడి ముందుకొచ్చి నిలబడేవి.

మొదటిదాన్ని ఇంటికి తోలుకొచ్చింది అమ్మే. నాయన తల పట్టుకున్నాడు.

"ఉలవలు అమ్ముకునేవోళ్లం మనం. ఊరికే పోస్తా కూసుంటే అంగడి ఏం గావల్ల?"

"ఇన్నేండ్లు మన పొయ్యి ఎలిగింది వీటి పుణ్యానే గదయ్యా. ముసిలివైనాక మొగం తిప్పుకుంటే నాకు కూడు దిగదు" అంది అమ్మ.

అమ్మ ఒకసారి అనుకుందంటే అంతే... ఇంటి వెనక రేకుల కొట్టం లేచింది. గుర్రాలు చేరాయి, వాటికి తోడు కాలు విరిగిన గాడిద ఒకటి. వీధివాళ్లు మా ఇంటికి 'గుర్రాల సత్రం' అని పేరు పెట్టేశారు. బళ్లో నన్ను 'గుర్రంపిల్లా' అని పిలిచేవాళ్లు. కోపం రాకపోగా నాకు గొప్పగా ఉండేది.

వాటిలో మాణిక్యం అంటే నాకు ప్రాణం. తెల్ల గుర్రం, ఒక కంట్లో పువ్వు పడి చూపు పోయింది. దాన్ని తోలిన మునస్వామి మామ మాకు అప్పగిస్తూ, ఇత్తడి మువ్వలు కుట్టిన దాని మెడపట్టీ కూడా అమ్మ చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. రైలు కూత వినబడితే చాలు, మాణిక్యం చెవులు నిక్కించేది. కొట్టం దాటేది కాదు గానీ, ఆ కాసేపూ మేత ముట్టేది కాదు.

ఒక పండగ రోజు అమ్మ దానికి నీళ్లు పోసి, బొట్టు పెట్టి, "బోసిమెడతో బాగలేదు పాపం" అంటూ ఆ పట్టీ తెచ్చి కట్టింది. అందరం మురిసిపోయాం. మధ్యాహ్నం అన్నాలు తిని వచ్చి చూస్తే మాణిక్యం లేదు!

ఒంటికన్ను గుర్రం... లారీలు తిరిగే రోడ్డు. అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగు తీసింది, వెనకే నేను. అడిగినవాళ్లంతా స్టేషను వైపే చెయ్యి చూపించారు.

అక్కడే ఉంది! ఒకప్పుడు జట్కాలు వరుసకట్టిన చోట, ఆటోల మధ్య, వెనక బండి లేకుండా, తల నిటారుగా పెట్టి సవారీ కోసం నిలబడి ఉంది.

"అక్కా, మీ గుర్రం డ్యూటీకి వచ్చేసిండాది సూడు! క్యూలో నా ఎనకాల నిలబడిండాది" అని ఒక ఆటో అబ్బాయి నవ్వాడు.

అమ్మ తాడు వేసి లాగింది. కదల్లేదు. బెల్లం చూపించింది. ఊహూ... వెనక హారన్లు మోగుతున్నాయి. మెడ నిమరబోయిన అమ్మ చేతికి మువ్వలు తగిలాయి. చెయ్యి అక్కడే ఆగిపోయింది. జట్కావాళ్లు పొద్దున బండి కట్టేటప్పుడు ఆ పట్టీ వేస్తారు, సాయంత్రం బండి విప్పగానే తీసేస్తారు. అమ్మేమో ముచ్చటపడి కట్టింది. మాణిక్యం మళ్లీ పనిలోకి పిలిచారనుకుంది!

"అయ్యో నాయనా... అయిపోయిందిలే, ఇంటికి పోదాం పా" అంటూ అమ్మ పట్టీ విప్పింది. మాణిక్యం పెద్దగా ఊపిరి వదిలి, తల దించుకుని, తాడు లాగకుండానే మా వెంట నడిచింది. దారంతా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఆ వానాకాలంలో మాణిక్యం పడిపోయింది. పశువుల డాక్టరు చూసి, ఇక లేవదన్నాడు. కానీ రైలు కూసినప్పుడల్లా లేవబోయేది... కాళ్లు నేలకేసి కొట్టుకుని మోకాళ్ల నుంచి రక్తం కారేది. చూడలేకపోయాం. అమ్మ లోపలికెళ్లి ఆ పట్టీ తెచ్చింది. దాని మెడకు కట్టి, మువ్వలు ఒకసారి గలగలలాడించి, మెల్లగా విప్పేసింది.

"సవారీ దిగేసినారు. బండి ఇప్పేసినాం. ఇంక పండుకో..."

మాణిక్యం తల అమ్మ ఒళ్లో వాల్చింది. తర్వాతి రైలు కూతకు చెవి మాత్రం కదిలింది. సాయంత్రానికి ప్రాణం పోయింది.

ఆ రోజు ఇంట్లో ఎవరం తినలేదు. "ఇంక సాలే. ఒక్కోదానికీ ఇట్ల ఏడ్సలేము. కొట్టం పీకేద్దాం" అన్నాడు నాయన. ఆయన కళ్లూ ఎర్రగానే ఉన్నాయి.

తెల్లారి లేచి చూస్తే గంగాళం పొయ్యి మీదుంది. ఉలవలు ఏమాత్రం తగ్గలేదు.

"మాణిక్యం వంతు ఇంకెవరికే?" అన్నాడు నాయన.

"స్టేషను కాడ ఎర్రగుర్రం ఒకటి కాగితాలు తింటా ఉండాది. నేను పోయి తోలుకొస్తా. నువ్వు గడ్డి ఏసి పెట్టు."

నాయన గడ్డి తేవడానికి వెళ్లాడు.

ఊళ్లో వదిలేయడానికి జట్కా గుర్రమే మిగలకుండా పోయేవరకూ అమ్మ ఆ కొట్టం నడిపింది. ఒకటి పోయిన ప్రతిసారీ ఏడ్చింది, తెల్లారి మళ్లీ పొయ్యి వెలిగించింది. లేవలేక కొట్టుకునే గుర్రానికి చివరిసారి విప్పడానికి తప్ప, ఆ పట్టీని మళ్లీ ఏ మెడకూ కట్టలేదు.

ఇప్పుడు హోటళ్లలో ఉలవచారును చిన్న గిన్నెలో మీగడ వేసి తెచ్చిపెడుతున్నారు. బాగానే ఉంటుంది... కానీ గుగ్గిళ్లు ఎవరికి పెట్టారని అడిగితే సర్వరు నన్ను వింతగా చూస్తాడు.

మీ ఊళ్లో తిరిగిన జట్కా గుర్రం పేరు ఎవరికైనా గుర్తుందా? ఉంటే కింద రాయండి... ఆ పేర్లు పెట్టి పిలిచేవాళ్లం ఇప్పుడు మనమే మిగిలాం.