అయిదని రాసిన యాభై

నేను తెలివితక్కువవాణ్ణని నా భార్య ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉంది. ఒప్పుకోలేదు. ఇవాళ ఒప్పుకుంటున్నాను. ఆవిడ అనుకునే కారణాలకి మాత్రం కాదు. ఒక రేడియో మీద ఉన్న చిన్న మీటని ఒక్కసారి కుడివైపుకి తిప్పాను. పదకొండేళ్ళయింది. దాన్ని అప్పట్నుంచీ మోస్తున్నాను. ఆ మీట రెండు గ్రాములుంటుందేమో. ద్రవ్యరాశి వేరు, బరువు వేరు అని బల్ల గుద్ది పాఠం చెప్పిన సైన్సు మాస్టర్ని. ఆ తేడా నాకు నిజంగా అర్థమైంది మాత్రం ఆ తర్వాతే.

మీకు ఎందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు. ఎరిగినవాళ్ళకి చెప్పే ధైర్యం రావాలంటే ముందు ఎరగనివాళ్ళ దగ్గర నోరు తిరగాలి.

నేను చీడికాడ దగ్గర ఒక బడిలో పనిచేశాను. కాపురం అనకాపల్లిలో. లైసెన్సు తీసుకుని సొంత రేడియోతో, మొహం తెలియని దూరదేశాలవాళ్ళతో మాట్లాడటం నా సరదా. దీన్ని హామ్ రేడియో అంటారు. ఇందులో నాకు జతగాడు సలీం. మెయిన్ రోడ్డు మీద మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు అతనిది. "హమ్ అంటే మా ఉర్దూలో 'మనం' బావా. నువ్వొక్కడివే అయితే హామ్ అవ్వదు" అనేవాడు. నా రేడియో కొన్నది. అతనిది సొంతంగా చేసుకున్నది. అయిదు వాట్లకి మించి ఒక్క వాటు కూడా ఇవ్వదు.

అయిదు వాట్లంటే ఇంట్లో జీరో బల్బుకి కూడా చాలీచాలనంత. అంత తక్కువ బలంతో ఎంత దూరం వినిపించగలమో చూసుకోవడం మాలో కొందరికి పంతం. ఇందులో ఒక మర్యాద ఉంది. ఎవరూ వచ్చి తనిఖీ చెయ్యరు. ఎవరితో ఎంత బలంతో మాట్లాడామో రాసుకునే పుస్తకంలో అయిదు అని రాస్తే ప్రపంచం అయిదనే నమ్ముతుంది. ఆ అంకెకి కాపలా మన నోరే.

సలీం లెక్కలు కట్టి ఒక ఏరియల్ తీగ తయారుచేశాడు. దాన్ని నిలబెట్టడానికి ముక్కలుగా విడదీసే వెదురు గడ. రాజస్థాన్ ఎడారిలో, ఏ కరెంటు స్తంభమూ లేని చోట, చిన్న బ్యాటరీతో మూడు రోజులు కూర్చుని ఆ తీగని పరీక్షించాలన్నది అతని కోరిక. బయల్దేరే ముందు మా సంఘం మీటింగులో చెప్పాం. అధ్యక్షుణ్ణి అందరూ పెద్దాయన అంటారు. ఆయన పకపకా నవ్వి, "అయిదు వాట్లకి పక్కనున్న ఒంటె కూడా వినదు మాస్టారూ" అన్నారు. అందరూ నవ్వారు. సలీం కూడా నవ్వాడు. నాకే గుచ్చుకుంది. తీగ అతనిది, రోషం నాది. మొదటి తెలివితక్కువతనం అదే.

ఎడారిలో రెండు రోజులు మోర్సులో పిలుస్తూనే ఉన్నాం. చుక్క, గీత, చుక్క. ఎవరూ పలకలేదు. ఇసుక చెవుల్లోకి, అటుకుల్లోకి, చివరికి మా మాటల్లోకి కూడా చేరింది; ఇద్దరం కరకరలాడుతూ మాట్లాడుకున్నాం. మూడో రోజు సాయంత్రం జీపు వచ్చేస్తుంది. మధ్యాహ్నం సలీం నీళ్ళ క్యానులు పట్టుకుని తిన్నె అవతలున్న గూడేనికి వెళ్ళాడు.

ఎడారికి తెచ్చింది నా రేడియోనే. అది వంద వాట్లదాకా ఇవ్వగలదు. దాన్ని అయిదు దగ్గర నిలిపింది నేనే. ఒక్కణ్ణే ఉన్నాను. ఒంటె మాట గుర్తొచ్చింది. ఊరికే చూద్దాం, రాయకపోతే సరి, అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? లేక అలా అనుకున్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చానా? ఈ రెండింటిలో ఏది నిజమో ఇప్పుడు నేనే తేల్చలేను. చెయ్యి మాత్రం తిప్పింది. యాభై.

నిమిషంలో జవాబు. ఫిన్లాండ్ నుంచి ఒకాయన. పావుగంట మాట్లాడాడు. మంచి మనిషి. మీ అయిదు వాట్లు అద్భుతంగా ఉన్నాయన్నాడు. ఎందుకంటే ఆయన అడిగినప్పుడు నేను అయిదు అని చెప్పేశాను.

తిన్నె మీద సలీం కనిపించాడు. బీప్ బీప్ వినబడినట్టుంది, క్యానులు వదిలేసి పరుగు. అతను చేరేలోపు మీట మళ్ళీ అయిదు దగ్గరికి వచ్చేసింది.

"ఎవులు బావా?"

"ఫిన్లాండ్."

"అయిదుతోనేనా?"

ఇక్కడ కాస్త ఆగుతాను. అప్పుడు ఆగలేదు కదా, అందుకు.

"అయిదుతోనే" అన్నాను.

అతను తీగని ముద్దు పెట్టుకున్నాడు. ఇసుకలో కూలబడి ఏడ్చాడు, నవ్వాడు. తర్వాత అలవాటు కొద్దీ మీటరు తీసి బ్యాటరీ చూశాడు. "ఇదేటి బావా, ఇంతలా దిగిపోయింది? పొద్దున బాగుంది కదా?"

"ఎండకి."

నమ్మాడు. అతనికి తెలియక కాదు. బ్యాటరీల సంగతి నాకంటే అతనికే బాగా తెలుసు. చెప్పింది నేను కాబట్టి నమ్మాడు.

పుస్తకంలో అయిదు అని రాశాను. దానికి మెచ్చుకోలు పత్రం కూడా వచ్చింది, నా పేరు మీద. పెద్దాయన దండ వేశారు. అప్పటికి ఇదొక చిన్న అబద్ధం, నా మీసానికి రాసుకున్న సంపెంగ నూనె లాంటిది. అక్కడితో ఆగి ఉంటే ఇంత కాగితం ఖర్చయ్యేది కాదు.

రెండేళ్ళకి తుఫాను వచ్చింది. సెల్ టవర్లు పడిపోతే కబురందించడానికి మా సంఘం సాయం అడిగారు. నేను అనకాపల్లి ఆఫీసులో కూర్చోవాలి. సలీం రాజయ్యపేట వెళ్ళి, సముద్రం ఒడ్డు జాలర్లతోపాటు తుఫాను షెల్టర్లో ఉండాలి. ముందురోజు అతని కొట్టులో బల్ల మీద రెండు సెట్లున్నాయి. ఒకటి సంఘానిది, పెద్దది, లారీ బ్యాటరీతో. రెండోది అతను చేసుకున్న అయిదు వాట్లది. అతను చిన్నదాన్ని సంచిలో పెట్టుకున్నాడు.

"ఎడారి నించి ఫిన్లాండ్ యెల్లిన తీగ బావా. రాజయ్యపేట నించి అనకాపల్లి రాదేటి? పెద్దది ఇంకో ఊరోళ్ళకి పనికొత్తాది. ఒగ్గీ."

పెద్దది పట్టుకెళ్ళు అంటే చాలు. తప్పు ఒప్పుకోనక్కర్లేదు, ఎడారి ఊసే ఎత్తనక్కర్లేదు. నోరు తెరిచాను కూడా. కానీ అతను ఎందుకని అడుగుతాడు. జవాబు చెప్పేదాకా వదలడు, పెన్సిలు తీస్తాడు, లెక్క కడతాడు. ఆ లెక్క ఎక్కడ తేలుతుందో నాకు తెలుసు. అందుకని ఏమన్నానో తెలుసా? "జాగ్రత్త" అన్నాను. ఎవరికి చెప్పాను ఆ జాగ్రత్త? ఇప్పుడు చూస్తే నాకు నేనే చెప్పుకున్నట్టుంది.

మర్నాడు పొద్దున్న గాలి తగ్గింది. రేడియోలో మాత్రం ఉరుముల గోల, మూకుడులో వడియాలు వేగుతున్నట్టు. తొమ్మిది గంటలకి ఆ గోల అడుగున సన్నగా ఏదో వినిపించింది. మోర్సు కొట్టే చేతిని బట్టి మనిషిని పోల్చుకోవచ్చు. సలీం చివరి గీతని కాస్త సాగదీస్తాడు, అరుగు మీద చేరగిలబడ్డట్టు. అతనే. పిలుస్తున్నాడు. ఒక్క అక్షరం కూడా తెలియడం లేదు. మళ్ళీ పంపమన్నాను. మళ్ళీ పంపాడు. మళ్ళీ. పది గంటలు. పదకొండు. ఆ సాగదీసిన గీత రానురాను పొట్టిదైపోయింది. చెయ్యి అలిసిపోతోంది, లేదా భయపడుతోంది.

ఆఫీసు వాళ్ళు అడిగారు: "రాజయ్యపేట ఏమంటోంది?" తెలియడం లేదన్నాను. కబురు తెలిసిన ఊళ్ళకి బళ్ళు పంపారు. అది వాళ్ళ తప్పు కాదు.

ఒంటిగంట దాటాక గోల తగ్గితే ముక్కలు ముక్కలుగా అందింది. గోడ కూలి అప్పలరాజు అనే జాలరి కాలు నలిగింది. రక్తం ఆగడం లేదు. రోడ్డుకి అడ్డంగా చెట్లు పడ్డాయి. బండి పంపండి.

పంపారు. ప్రాణం దక్కింది. మోకాలి కింద కాలు తీసేశారు. పొద్దున్నే తెచ్చుంటే కాపాడడానికి చూసేవాళ్ళం అన్నారు డాక్టరుగారు. చూసేవాళ్ళం అన్నారు, కాపాడేవాళ్ళం అనలేదు. ఆ తేడా పట్టుకుని చాలాకాలం వేలాడాను. పెద్ద సెట్టు ఉంటే ఆ గోలలో వినబడేదా? కచ్చితంగా చెప్పలేను. కానీ వినబడేదేమో అన్న మాటని తుడిచే రబ్బరు కూడా నా దగ్గర లేదు.

ఆసుపత్రి వరండాలో సలీం నా పక్కన కూర్చున్నాడు. బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి. "నా లెక్క తప్పింది బావా" అన్నాడు. "నా తీగ మీద నాకు పొగరెక్కింది. ఆడి కాలు నేనే తీసేసేను."

నేను అతనికి టీ తెచ్చిచ్చాను. అంతే చేశాను.

తర్వాత ప్రతి మీటింగులోనూ పెద్దాయనకి ఇదొక వేడుక అయింది. "సలీం తీగ బట్టలారేసుకోడానికి బాగుంటది." అందరూ నవ్వేవారు. ఒకసారి నేనూ నవ్వాను. ఎడారిలో చేసినదానికంటే ఆ నవ్వుకి నాకు ఎక్కువ సిగ్గు. సలీం మీటింగులకి రావడం మానేశాడు. సొంతంగా చేసుకున్న రేడియోని విప్పి, విడిభాగాలు డబ్బాల్లో వేసేశాడు. నెలకోసారి రాజయ్యపేట వెళ్ళొస్తాడు. అప్పలరాజు ఇంట్లో ఫ్యానూ, లైటూ, ఏది చెడితే అది బాగుచేస్తాడు. చెడకపోయినా విప్పి చూస్తాడు. అప్పలరాజు గుమ్మంలో కూర్చుని వలలు అల్లుతాడు.

ఇంతవరకూ రాసి, నిన్న ఉదయం కాగితాలు సలీం కొట్టుకి పట్టుకెళ్ళాను. నిలబడే చదివాడు. ఒకచోట వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు.

"యాభయ్యా?"

"యాభై."

ఎవరో మిక్సీ జారు తెస్తే తీసుకున్నాడు, మూత విప్పాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు: "అప్పలరాజుకి సదువు రాదు. నువ్వే యెల్లి సదివి ఇనిపించు." బావా అనలేదు. ఎప్పుడూ అడిగే టీ కూడా అడగలేదు. నేను మెట్లు దిగాక మిక్సీ గిర్రుమంది. అవసరమైనదానికంటే ఎక్కువసేపు తిప్పాడు.

ఆదివారం రాజయ్యపేట వెళ్తాను. అక్కడ ఏమంటారో తెలియదు. క్షమించమని అడగను, అడిగితే వాళ్ళ నెత్తిన ఇంకో పని పెట్టినట్టవుతుంది. రాత్రి మాత్రం చాలాకాలానికి నిద్ర పట్టింది. దానికి కూడా కాస్త సిగ్గుపడ్డాను.

ఇంకొక్క మాట. మా సంఘం ఏటా ఒక సంచిక వేస్తుంది. ఈసారి ఎడారి కథ రాయమని పెద్దాయన నెల రోజులుగా ఫోన్లు. "మన సంఘానికే గర్వకారణం మాస్టారూ! మొదటి పేజీ మీదే. ఒక్క అక్షరం ముట్టుకోను." ప్రూఫులు దిద్దేది ఎప్పుడూ నేనే. ప్రెస్సుకి ఇచ్చేది కూడా నేనే. ఈ కాగితాలే ఇస్తున్నాను. పేరు వెయ్యలేదు. ఎడారికి వెళ్ళింది ఇద్దరమే కాబట్టి కనుక్కోవడం ఎవరికీ కష్టం కాదు.

సంచిక విడుదలైన రోజు సభలో మొదటి వ్యాసాన్ని పెద్దాయనే లేచి చదవడం మా దగ్గర ఆనవాయితీ. ముందుగా ఒకసారి చూసుకునే అలవాటు ఆయనకి లేదు. తనన్న బట్టల తీగ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగుతారో, చదివేస్తారో చూడాలి. సలీంకి కబురు పెట్టాను, వస్తే వెనక వరసలో కుర్చీ ఉంచుతానని. పెద్దాయనది కంచుగొంతు. వెనక వరసదాకా బాగానే వినబడుతుంది.